పోచారం కట్ట మీద మాల్దీవులు

ఆ షీట్ ఇంకా నా డ్రైవ్‌లో ఉంది. ముప్పై ఏడు వరసలు. ఒక్కో వరసలో టైము, స్థలం, వేసుకోవాల్సిన బట్టలు, ‘రిఫరెన్స్’ అనే గడిలో ఒక ఇన్‌స్టాగ్రామ్ లింకు, చివర నిమిషాల లెక్క. ఆలస్యమైతే వరస దానంతటదే ఎర్రబడేలా ఫార్ములా కూడా రాసిపెట్టాను. ఆఫీసులో ఏ రిలీజుకీ ఇంత శ్రద్ధగా ప్లాన్ చేసిన గుర్తు లేదు. 2024 నవంబర్‌లో మా చిన్నమ్మ బిడ్డ ప్రీవెడ్డింగ్ షూట్ కోసం చేసిన షీట్ అది. పిల్లది ఎల్లారెడ్డి. పిలగాడిది కామారెడ్డి దగ్గర ఊరు, దుబాయ్‌లో పని. నలభై ఐదు రోజుల సెలవు మీద వచ్చాడు. అందులోనే ఎంగేజ్‌మెంటు, బట్టలు, బంగారం, పత్రికలు పంచుడు, పెండ్లి, ఒడిబియ్యం, మళ్లీ విమానం. షూట్‌కి దొరికింది ఒకే ఒక్క రోజు. ఆ ఒక్క రోజులో చార్మినార్, దోమకొండ గడి, పోచారం డ్యాం మూడూ పట్టించాలి. ఇంట్లో సాఫ్ట్‌వేర్ వాణ్ని నేనొక్కణ్నే కాబట్టి పట్టించే పని నా మీద పడింది.

పట్టించాను. కాబట్టి ఈ వ్యాసంలో తిట్లు మొదట నాకే తగులుతాయని ముందే చెప్పుకుంటున్నా.

అయితే ప్రీవెడ్డింగ్ షూట్‌ని ఇప్పటికే తిడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లతో కలిసి తిట్టడం నాకిష్టం లేదు. వాళ్లతో లెక్క తేల్చుకున్నాకే నా గొడవలోకి వస్తాను.

ఒక గుంపు సంస్కృతి కాపలాదారులు. పుస్తె పడకముందే చేతులు పట్టుకునుడేంది, నడుము మీద చెయ్యేసుడేంది, దాన్ని నలుగురికీ చూపెట్టుడేంది అని. 2019లో భోపాల్‌లో జైన, గుజరాతీ, సింధీ సంఘాలు కొన్ని తమవాళ్లెవరూ ప్రీవెడ్డింగ్ షూట్లు చేయించుకోవద్దని తీర్మానం చేశాయి. మన దగ్గర తీర్మానాలదాకా పోనక్కర్లేదు. ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ తెర మీద వీడియో నడుస్తుంటే ముందు వరస కుర్చీల్లోంచి వినపడే ‘చొచ్చొచ్చో’ చాలు. వీళ్లకి నేను చెప్పేది ఇది. ఎల్లారెడ్డిలో డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న ఆడపిల్ల, తనను చేసుకోబోయే మనిషితో పొద్దున్నుంచి రాత్రిదాకా బయట తిరగడానికి ఇంట్లోవాళ్లు, కులపోళ్లు, ఎదురింటోళ్లు అందరూ ఒప్పుకునే సాకు ఇవాళ ఇదొక్కటే ఉంది. సినిమాకి పోతం అంటే పంపరు. కూసోని మాట్లాడుకుంటం అంటే అసలే పంపరు. ఫొటో షూట్ అనేసరికి మా చిన్నాయన తనే కారు మాట్లాడి, డీజిల్ కొట్టించి, తోడు నన్ను పెట్టి పంపాడు. కెమెరా ఉన్నకాడ తప్పు జరగదని పెద్దల ధైర్యం కావచ్చు. ఎట్లయితేనేం, తలుపు తెరుచుకుంది. దాన్ని మళ్లీ మూయమనే వాళ్ల పక్కన నేను నిలబడను.

రెండో గుంపు మనమే. ఇట్లాంటి వ్యాసాలు చదివేవాళ్లం, రాసేవాళ్లం, పుస్తకావిష్కరణ అయ్యాక ఇరానీ హోటల్లో కూచుని లోకం చెడిందని తేల్చేవాళ్లం. మనకి ఇది వెకిలితనం. స్లో మోషన్, గాల్లో ఎగిరే గౌను, రంగు పొగ, తల మీద తిరిగే డ్రోను. ‘ఇప్పుడు జిల్లాల్లోకి కూడా పాకిందట’ అని నవ్వుకుంటాం. ఆ ‘కూడా’ దగ్గర నాకు గుచ్చుకుంటుంది. ఆన్‌సైట్ వెళ్లినప్పుడు గోల్డెన్ గేట్ బ్రిడ్జి ముందు రెండు చేతులూ చాపి దిగిన ఫొటో రెండేళ్లు నా కవర్ పిక్చర్. హంపీలో రాతి రథం పక్కన నిలబడని సాహిత్య మిత్రుడు నాకు ఒక్కడు లేడు. అదే ఫొటోని నలుపు తెలుపు చేసి కింద ఒక కవితా పాదం పెడితే అభిరుచి, గులాబీ రంగు పొగలో దోమకొండ ముందు దిగితే వెకిలి. ఫిల్టర్‌ని బట్టి మనుషులకి కులం కట్టే పని ఇది, విమర్శ అనుకుని చేస్తున్నాం.

ఫొటోకోసం వేషం కట్టడం మన దగ్గర ఇవాళ్టి రోగం కూడా కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్లకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టించాడు. పరదా దాటి అక్కడికి వెళ్లిన ఇళ్ల ఆడవాళ్లు రోజూ వంటింట్లో కట్టుకునే బట్టల్లో వెళ్లి ఉంటారా? అంత దూరం ఎందుకు, మా అమ్మానాన్నలు పెండ్లయిన కొత్తలో కామారెడ్డిలో ఒక స్టూడియోలో దిగిన ఫొటో ఉంది. వెనక గుడ్డ మీద మెట్లున్న మేడ, మేడ ముందు కొలను, కొలనులో హంస. మా నాన్న జన్మలో హంసను చూసి ఎరగడు. ఆ ఫొటో అంటే నాకు ప్రాణం. ఆ మేడ అబద్ధమని గీసినాయనకి తెలుసు, ఫొటో తీసినాయనకి తెలుసు, ముందు కూచున్న ఇద్దరికీ తెలుసు, ఇంటికొచ్చి ఆల్బమ్ తిరగేసే చుట్టాలకీ తెలుసు. అబద్ధం గుడ్డ మీదే ఉంది. మా అమ్మ మొహంలో మాత్రం అబద్ధం లేదు, భయం ఉంది, చీర కొత్తది, ఆ భయమూ కొత్తదే.

నా గొడవ ఇక్కడ మొదలవుతుంది. గుడ్డ పోయింది, నిజమైన స్థలానికే తీసుకెళ్తున్నాం కదా, మంచిదే కదా అనుకుంటాం. తీసుకెళ్లి ఏం చేస్తున్నామంటే, ఆ నిజమైన స్థలాన్ని గుడ్డ చేస్తున్నాం. మనుషుల్ని కూడా.

2003లో వచ్చిన ‘ఒక్కడు’ సినిమాకి అసలు చార్మినార్ దగ్గర అన్ని రోజులు షూటింగ్ కుదరదని హైదరాబాద్ శివార్లలో చార్మినార్ సెట్ వేశారు. దాన్ని చూడ్డానికి జనం పోయేవాళ్లు. ఆ కళాదర్శకుడు సెట్‌ని చార్మినార్ అనిపించడానికి నానా తంటాలు పడ్డాడు. ఇరవయ్యేళ్ల తర్వాత, నవంబర్ చలిలో తెల్లారి ఐదున్నరకి, చార్మినార్‌ని సెట్ అనిపించడానికి మేం అన్ని తంటాలూ పడ్డాం. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకి ఎల్లారెడ్డిలో బయల్దేరి, రెండుంబావుకి కామారెడ్డిలో పిలగాణ్ని ఎక్కించుకుని వచ్చేసరికి అక్కడ అప్పటికే నాలుగు జంటలున్నాయి. అందరికీ కావాల్సింది గుల్జార్ హౌజ్ వైపు రోడ్డు నడుమ అదే చోటు. అక్కడొక అలిఖిత క్యూ ఉంది, మా వంతు వచ్చేసరికి నా షీట్‌లో రెండు వరసలు ఎర్రబడ్డాయి. ఒక కుర్రాడి డ్యూటీ జొన్నలు చల్లి పావురాలు దిగాక చప్పట్లు కొట్టి లేపడం. ఒక్కో జంటకీ ఆ పావురాలే లేస్తున్నాయి. చార్మినార్‌లో పనిచేస్తున్నది ఆ పొద్దున అవొక్కటే అనిపించింది.

ఆరో వరస: ‘ఇరానీ చాయ్ తాగుతూ ఒకరినొకరు చూసి నవ్వుట, 10 ని.’ పక్కనే నిమ్రా కేఫ్ నుంచి రెండు చాయ్‌లు తెప్పించాం. లిపిస్టిక్ పోతుందని చెల్లెను తాగనివ్వలేదు. కప్పు పెదాల దగ్గర పెట్టుకుని పది నిమిషాలు నవ్వింది. దించేసరికి చాయ్ మీద మీగడ కట్టింది. ఆ పిల్ల చార్మినార్‌ని చూడ్డం అదే మొదటిసారి, అది నాకు అప్పటిదాకా తెలీదు. తలెత్తి చూసి, ‘అన్నా, పైకి ఎక్కనిస్తరా?’ అని అడిగింది. ఎక్కనిస్తారు, కానీ తెరిచేసరికి మనం దోమకొండలో ఉండాలి అన్నాను. ‘సరే అన్నా’ అంది. గొడవ పెట్టుకునే పిల్ల కాదు.

దోమకొండ గురించి ఎక్కువ చెప్పను. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డు వచ్చిన కోట అది, ఎంతో ఓపిగ్గా పాడుపడినదాన్ని నిలబెట్టుకున్నారు. లోపల కాకతీయుల నాటి మహాదేవుని గుడి ఉంది. మా రెండు గంటల్లో ఆ గుడి వైపు కెమెరా తిరగలేదు, ‘రాయల్ లుక్’కి గుడి పనికిరాదట. మూడు జతల బట్టలు మారాయి. పిలగాడికి అద్దెకు తెచ్చిన షేర్వాణీ భుజాల దగ్గర వదులు, వెనక పిన్నులు పెట్టారు. ముందునుంచి రాజు, వెనకనుంచి పిన్నులు. అక్కడ నేను నవ్వాను కూడా.

ఫొటోగ్రాఫర్‌ని విలన్ చేయడం సులువు. చేయను. ఇరవై ఆరేళ్ల కామారెడ్డి పోరడు, కెమెరా మీద ఈఎంఐ, లెన్స్ మీద ఇంకో ఈఎంఐ, సీజన్ నాలుగు నెలలు, మిగతా ఎనిమిది నెలలు బర్త్‌డేలు, బారసాలలు. చార్మినార్ మీద ఏ నెలలో ఎండ ఏ మూల నుంచి దిగుతుందో చెప్పగలడు. నాకు పుస్తకాల్లో తెలిసిన హైదరాబాద్‌కంటే వాడికి కళ్లతో తెలిసింది ఎక్కువ. దారిలో అడిగితే అన్నాడు, ‘నాక్కూడా కొత్తగ తియ్యాలనే ఉంటదన్నా. కానీ పార్టీ వచ్చుడే ఫోన్ల రీల్ చూపెట్టుకుంట వస్తది. గిది కావాలె అంటరు. నేను వేరే తీస్తే పైసలు ఆపుతరు.’ 2017లో ‘ఫిదా’ వచ్చాక కొన్నేళ్లు అందరూ ట్రాక్టర్ అడిగారట. బాన్సువాడ మా జిల్లాదే, ఆ సినిమాలో పిల్ల ట్రాక్టర్ తోలుతుంది. ఇంట్లో నిజంగా ట్రాక్టర్ ఉన్నవాళ్లు మాత్రం ఒక్కరూ అడగలేదని నవ్వాడు. ఎవరింట్లో ఏముందో అది తప్ప ఇంకేదైనా ఫొటోలో ఉండొచ్చు, ఇదీ సూత్రం.

మా వృత్తిలో కాపీ పేస్ట్ నేరం కాదు, అన్నం పెట్టేదే అది. ఇంకొకడు రాసిన కోడ్ తెచ్చుకుంటాం, పని జరుగుతుంది. కానీ తెచ్చుకున్న కోడ్ ఏం చేస్తుందో చదవకుండా పెట్టేస్తే ఎక్కడో ఒకచోట తన్నుతుంది. నా షీట్‌లోని ముప్పై ఏడు లింకులూ ముప్పై ఏడు మంది వేరే జంటల వీడియోలు. వాళ్లు కూడా ఇంకెవరివో చూసి చేసినవే. ఆ వరసలో ఎక్కడో మొదట ఒక సినిమా డైరెక్టరు ఉండి ఉంటాడు, రాసిన సన్నివేశానికి తగ్గట్టు ఒక హీరోయిన్‌ని ఒక గోడకి ఆనించి నిలబెట్టి ఉంటాడు. ఆ సన్నివేశం రాలిపోయింది. గోడకి ఆనుకోవడం మిగిలింది. చెల్లె గోడకి ఆనుకుంది, ‘కొంచెం కోపంగ చూడక్కా’ అన్నారు, చూసింది. ఆమెకి అతని మీద కోపం రావడానికి ఇంకా పరిచయమే కాలేదు.

అవును, పరిచయం. పెండ్లిచూపులు వీడియో కాల్‌లో అయ్యాయి. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ పనిచేయదు కాబట్టి నాలుగు నెలలు బోటిమ్‌లో మాట్లాడుకున్నారు, అదీ అతని రూమ్‌లో మిగతావాళ్లు పడుకోకముందు, ఇక్కడ చిన్నమ్మ పక్కన ఉండగా. ఎదురెదురుగా కూచుంది ఎంగేజ్‌మెంట్ రోజు, అప్పుడు చుట్టూ రెండు వందల మంది. ఇదిగో ఈ షూట్ రోజే వాళ్లిద్దరికీ దొరికిన మొదటి రోజు. నేను పైన గొప్పగా చెప్పిన ఆ తెరుచుకున్న తలుపు. ఆ తలుపులోంచి లోపలికి రానిచ్చి పదిహేడు గంటలు వాళ్ల చేత డ్యూటీ చేయించాం.

దోమకొండ నుంచి కామారెడ్డి మీదుగా ఎల్లారెడ్డి రోడ్డు పట్టాం. ప్రయాణాలకి నా షీట్‌లో బూడిద రంగు వేశాను, అంటే అక్కడ ఏమీ జరగదని. లింగంపేటలోకి వచ్చేసరికి పిలగాడు కిటికీలోంచి చూపిస్తూ, ‘మా అమ్మమ్మది గీ ఊరే. నాగన్న బావి కాడికి తోల్కపోయేది చిన్నప్పుడు, మెట్ల మీద కూసోవెట్టి శనిక్కాయలు వలిచేది’ అన్నాడు. ఆమెకి చెబుదామని వెనక్కి తిరిగితే ఆమె నిద్రపోతోంది. రాత్రంతా మేలుకుని ఉంది, పిన్నుల బరువుతో తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. మిగతా కథ నాకు చెప్పాడు. ఏళ్ల తరబడి ఆ కథ వినాల్సిన మనిషి పక్కనుండగా నాకెందుకు ఆ కథ? అంత పెద్ద దిగుడు బావి, మెట్ల మీద మధ్యాహ్నం నీడ, అతని అమ్మమ్మ ఊరు. షీట్‌లో అది ‘ప్రయాణం, 1 గం. 50 ని.’

పోచారం చేరేసరికి నాలుగు దాటింది.

పోచారం తెలియనివాళ్లకోసం రెండు మాటలు. ఆలేరు వాగు మీద నిజాం కాలంలో కట్టిన ప్రాజెక్టు, 1916లో మొదలుపెట్టి 1922లో ముగించారు. చుట్టూ అడవి ఒకప్పుడు నిజాం వేటకి వచ్చిన చోటు, 1952 నుంచి అభయారణ్యం. మెదక్ రోడ్డు మీద వచ్చే హైదరాబాద్ వాళ్లకి అదొక పిక్నిక్ స్పాట్. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట రైతులకి పదివేల ఎకరాల పైచిలుకు తడి. మా చిన్నాయనకి ఉన్న మూడెకరాలకీ ఆ కాలువే. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే, ‘పోచారం అలుగు దుంకుతుందటనా?’ అనేది ఆ ఇంట్లో పొద్దున్నే వచ్చే మొదటి మాట. దాన్నిబట్టి వడ్లు, వడ్లనిబట్టి చిట్టీలు, చిట్టీలనిబట్టి పిల్లల ఫీజులు. ఇవాళ ఆ కట్ట మీద నిలబడ్డ పెండ్లికూతురి డిగ్రీ, బంగారం, ఆ అద్దె గౌను కూడా ఆ నీళ్లలోంచి వచ్చినవే. ఆ పిల్లకి సొంతమని చెప్పుకోదగ్గ లొకేషన్ ఈ భూమ్మీద ఒకటుంటే అది పోచారం.

ఫొటోగ్రాఫర్ నీళ్ల వైపు చూసి, ‘కలర్ డల్లుంది, ఏం కాదు, ఎడిట్‌ల మాల్దీవ్స్ చేసేస్త’ అన్నాడు.

చేశాడు. ఆల్బమ్ వచ్చాక చిన్నాయన ఆ పేజీ దగ్గర ఆగి కళ్లద్దాలు సర్దుకుని, ‘ఇది ఏ సముద్రం రా?’ అని నన్నడిగాడు. నలభై ఏళ్లుగా ఆ నీళ్లు పారబెట్టుకుంటున్న మనిషి. పోచారం బాపు అంటే నవ్వుతాడేమో అనుకున్నా. నవ్వలేదు, పేజీ తిప్పేశాడు.

ఇంక ఆ సాయంత్రం సంగతి. వెలుతురు మెత్తబడే దాకా ఆగాలన్నారు. అసిస్టెంటు డ్రోన్ బ్యాటరీ మారుస్తున్నాడు. వాళ్లిద్దరూ కట్ట మీద రాళ్ల దగ్గర కూచున్నారు, ఎవరూ కూచోమనలేదు. ఆమె చెప్పులు విడిచి పక్కన పెట్టుకుంది. అతను చేతులు తిప్పుకుంటూ ఏదో చెబుతున్నాడు, గాలిలో గీతలు గీస్తున్నట్టు, ఇక్కడ మంచం, ఇక్కడ తలుపు అన్నట్టు. ఆమె ఒకసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వలేదు, వింటోంది. నేను చూస్తూనే ఉన్నా. ఫోన్‌లో నాలుగూ నలభై అయింది, వరస ఎర్రబడింది. ‘బావా, లైట్ పోతుంది, లెవ్వుండ్రి’ అని అరిచాను. లేచారు.

పెండ్లయ్యాక అతను ఇక్కడున్నది పద్దెనిమిది రోజులు. అందులో విందులు, ఒడిబియ్యం, యాదగిరిగుట్ట, అతని చుట్టాలు, ఆమె చుట్టాలు. వెళ్లిపోయిన రెండు నెలలకి చెల్లె ఫోన్ చేసింది. అతను వీసాకోసం చేసిన అప్పు ఇంకా తీరలేదట, జీతం చెప్పినంత లేదట, ఆ సంగతి ఇప్పుడు బోటిమ్‌లో చెప్పాడట. ఆమెకి కోపం అప్పు మీద కాదు. ‘ఆరోజు పోచారం కాడ రూమ్ గురించి చెప్పుకుంట, ఎనిమిది మంది ఉంటం, మీద మంచం నాది, అని చెప్పుకుంట, ఇంకోటి చెప్పాలె నీకు అన్నడన్నా. గంతల్నే నువ్వు పిలిచినవ్. తర్వాత చెప్త అన్నడు.’ చెప్పేవాడేమో. అప్పటికీ తప్పించుకునేవాడేమో. నాకు తెలీదు, ఆమెకీ తెలీదు, అడిగితే అతనూ ఇప్పుడు సరిగ్గా చెప్పలేకపోవచ్చు. నేను పిలవకపోయి ఉంటే తెలిసేది.

ఈ ఒక్క కారణానికి నేను ఈ షూట్ల ప్లాన్‌కి శత్రువునయ్యాను. అందం గురించి వాదించడానికి ఓపిక లేదు. ఎవరి అందం వాళ్లది, మాల్దీవులు కావాలంటే మాల్దీవులు. పెద్దలు కుదిర్చే పెండ్లిళ్లలో, అందులోనూ మా గల్ఫ్ పల్లెల్లో, ఇద్దరు మనుషులు ఒకర్నొకరు అడగాల్సినవి అడగడానికి ఉన్న ఆ కాస్త సందుని మనం లొకేషన్లతో, కాస్ట్యూమ్‌లతో, గోల్డెన్ అవర్‌తో నింపేస్తున్నాం. కాపలాదారులు భయపడుతున్నది ఆ ఇద్దరూ మరీ దగ్గరైపోతారని. భయం అనవసరం. అంత టైము మేం ఇవ్వం.

ఇక డబ్బు. ఆల్బమ్, టీజర్, డ్రోన్, మేకప్, బట్టల అద్దె, కారు కలిపి ఎనభై ఐదు వేలు. పెండ్లి మాటల్లో కట్నం అనే పదం ఎవరూ ఎత్తలేదు, 1961 నుంచి చట్టం ఉంది కదా, అందరం చదువుకున్నవాళ్లమే. ‘షూట్ పిల్ల తరపు, రిసెప్షన్ పిలగాని తరపు’ అని మాత్రం మాట్లాడుకున్నారు. అంటే ఇదొక పద్దు అయింది, మంచం, బీరువా, బండి పక్కన. ఆ వానాకాలమే రాష్ట్రంలో సన్న వడ్లకి క్వింటాల్‌కి 500 బోనస్ మొదటిసారి ఇచ్చారు. చిన్నాయన బోనస్ మొత్తం షూట్ ఖర్చులో సగానికి కూడా రాలేదు. పోచారం నీళ్లతో పండిన వడ్ల బోనస్‌తో పోచారం నీళ్లని మాల్దీవులు చేయించాం. దీన్ని ఏ అలంకారం అంటారో మన విమర్శకులు చెప్పాలి.

అప్పుడప్పుడూ ఈ షూట్లు వార్తల్లోకి వస్తాయి. 2020 నవంబర్‌లో మైసూరు జిల్లా తలకాడు దగ్గర కావేరిలో పుట్టి తిరగబడి, షూట్‌కి వచ్చిన జంట మునిగిపోయింది. 2023లో హైదరాబాద్‌లో ఒక పోలీసు జంట యూనిఫామ్‌లో, స్టేషన్ ముందు, చార్మినార్ దగ్గర తీయించుకున్న వీడియో ఊరంతా తిరిగింది. అప్పటి కమిషనర్ సి.వి. ఆనంద్ అనుమతి అడిగితే ఇచ్చేవాళ్లం కదా అని సౌమ్యంగానే మందలించి దీవించాడు. మరుసటేడు చిత్రదుర్గ జిల్లాలో ఒక డాక్టరు ప్రభుత్వాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ఉత్తుత్తి ఆపరేషన్ చేస్తూ షూట్ చేసుకుని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ప్రతిసారీ ఆ జంట తెలివితక్కువతనం గురించే మాట్లాడుకుంటాం. వీటిలో నాకు కొంచెం గౌరవం కలిగింది, చెబితే తిడతారేమో, ఆ పోలీసు జంట మీదే. వాళ్లు కనీసం వాళ్లు పనిచేసే చోటికి, వాళ్ల సొంత బట్టల్లో వెళ్లారు.

‘ఫొటో ఫొటోయే, మాటలు తర్వాతైనా మాట్లాడుకోవచ్చు, నువ్వు మరీ ఎక్కువ చేస్తున్నావ్’ అని నా భార్యే అంది ఈ వ్యాసం సగం చదివి. తర్వాత ఎప్పుడు అన్నది ఒక ప్రశ్న. ఫొటో ఫొటోగానైనా పనికొచ్చిందా అన్నది ఇంకో ప్రశ్న. మొగుడు దుబాయ్‌లో ఉన్న ఆడదానికి ఫొటో షోకు వస్తువు కాదు. మా ఊళ్లలో గల్ఫ్‌కి పోయినవాళ్ల ఇళ్లలో గోడ మీద ఆ ఫొటోతోనే రెండేళ్లకో మూడేళ్లకో కాపురం చేస్తారు, పిల్లలకి నాన్న అని చూపించేది దాన్నే. చెల్లె దగ్గర నాలుగు వందల పన్నెండు ఫొటోలున్నాయి. ‘అన్నీ మంచిగనే ఉన్నయన్నా. కానీ వీటిల ఆయన ఆయన లెక్క లేడు’ అంది. ఫోన్ వాల్‌పేపర్‌గా దేవుడి బొమ్మ పెట్టుకుంది.

షూట్ మానేయమని నేను చెప్పను, ఇంతదూరం వచ్చాక కూడా. షీట్ చింపేయమంటాను. ఒక్క చోటు చాలు, అది మీదై ఉండాలి. మీ కాలువ, మీ కాలేజీ, మీ అమ్మమ్మ ఊరి బావి, బస్సుకోసం నిలబడ్డ స్టాండు. కెమెరా వాడికి రెండు గంటలు పని, మిగతా టైము అతన్ని చెట్టుకింద పడుకోనివ్వండి, ఆ పోరడికీ నిద్ర కావాలి. ఇంత చెప్పి, మొన్న ఇంకో బంధువు తన కొడుకు షూట్‌కి నా ‘ఎక్సెల్ షీట్’ పంపమని అడిగితే ఏం చేశానంటారా? పంపాను. ముందు ఒక పేరా రాసి, మూడు లొకేషన్లు వద్దు అని పెట్టి మరీ పంపాను. వాళ్లు నాలుగు పెట్టుకున్నారు. షీట్ చాలా బాగుందన్నారు.

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి మీద ఆకాశం విరిగిపడింది, గుర్తుండే ఉంటుంది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద బండ్లు ఆగిపోయాయి. పోచారానికి అది తట్టుకోగలదని కట్టినప్పుడు వేసిన లెక్కకి రెండింతలు దాటి వరద వచ్చింది. కట్ట ఒక పక్క కోసుకుపోయింది. నూరేళ్లు దాటిన ఆ డ్యాం నిలబడుతుందో లేదో అని ఆ రెండు రోజులు టీవీలన్నీ దాన్నే చూపించాయి. నిలబడింది. నీళ్లు ఎర్రమట్టి రంగులో, బురదగా, చూస్తే భయం పుట్టేలా ఉన్నాయి.

చెల్లె అప్పుడు ఎల్లారెడ్డిలో పుట్టింట్లో ఉంది. వరద వీడియో ఒకటి ఎవరో పంపితే దుబాయ్‌కి పంపిందట. అతను డ్యూటీలో ఉండి కూడా వెంటనే ఫోన్ చేసి, మనం ఆరోజు కూసున్న జాగ ఉన్నదా పోయిందా అని అడిగాడట. ఆమె నన్నడిగింది. ‘నీకు ఎరుకుంటది కదన్నా, నువ్వే కదా అంతా రాసుకున్నది.’

షీట్ తెరిచాను. ముప్పై ఒకటో వరస: ‘పోచారం, గోల్డెన్ అవర్, ఎర్ర గౌను, 25 ని.’ అంతే ఉంది. కట్టకి ఏ కొసన కూచున్నారో గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఆ సాయంత్రం నేను ఫోన్‌లో టైము చూసుకుంటున్నాను.